నాన్న ఆర్‌ఎక్స్ 100 ఆగనన్న రోజు

మా ఇంట్లో ఓ ఆర్‌ఎక్స్ 100 ఉంది. 1994 మోడల్. వయసులో నాకంటే పెద్దది. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. విజయనగరం నుంచి అవతల పల్లెలో ఉన్న స్కూలుకి ఇరవై ఏళ్లపాటు దాని మీదే వెళ్లొచ్చారు. ట్యాంకు మీద కూర్చుని, హ్యాండిల్ మధ్యలో పట్టుకుని నేనూ ఆ బండి మీదే పెరిగాను. ఆయన రిటైరయ్యాక అది షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకుంది.

హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి, చేతిలో నాలుగు డబ్బులు ఆడాక నాకు ఆ బండి గుర్తొచ్చింది. 2018లో అదే పేరుతో సినిమా వచ్చినప్పటి నుంచి మా బ్యాచ్‌లో ఆర్‌ఎక్స్ అంటే పిచ్చి. పండక్కి ఊరెళ్లినప్పుడు దుప్పటి తీసేశా. పెయింటింగ్‌కి 14 వేలు, కొత్త సైలెన్సర్‌కి 9 వేలు, క్రోమ్ పనులకి ఇంకో 6 వేలు. ఇంజిన్ విప్పించి రింగులు మార్పించా. స్టార్ట్ చేస్తే వీధి వీధంతా బయటికొచ్చి చూసింది.

ఆ డిసెంబర్లో మా బావని వెనకాల ఎక్కించుకుని అరకు బయల్దేరా. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే ఆ సౌండు కొండల్లో మోగుతుంటే... సరే, అది మీకు చెప్పక్కర్లేదు. అసలు కథ దిగేటప్పుడు.

సగం ఘాట్ దిగేసరికి ముందు బ్రేక్ లివర్ మెత్తబడింది. పైన రెండు వేళ్లతో పట్టుకుంటే ఆగిన బండికి ఇప్పుడు నాలుగు వేళ్లూ కావాల్సొస్తోంది. ఏదో కాలిన వాసన. 'ముందెళ్తున్న లారీదేమోలే' అనుకున్నా. ఓ మలుపు తిరగ్గానే రోడ్డుకి అడ్డంగా మేకలు. వాటి వెనక కర్ర పట్టుకుని పదేళ్ల పిల్ల.

లివర్ పట్టుకుంటే అది వచ్చి గ్రిప్పుకి తగిలింది. బండి మాత్రం పోతూనే ఉంది. వెనక బ్రేక్ గట్టిగా తొక్కితే చక్రం లాకై బండి తోక అటూ ఇటూ ఊగింది. ఇంక దారి లేక కొండ వైపున్న మట్టి కాలవలోకి దింపేశా. ఇద్దరం పడ్డాం. బావ మోచెయ్యి గీసుకుపోయింది, నా జీన్స్ మోకాలి దగ్గర చిరిగింది. లేచి చూస్తే ఆ పిల్లకీ మాకూ మధ్య దూరం రెండు గజాలు ఉంటుందేమో. ఆ పిల్ల ఏమీ అనలేదు. మేకల్ని అదిలించుకుంటూ వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పా. తిడతారనుకున్నా. తిట్టలేదు. ఆయన లెక్కల మాస్టారు కదా, లెక్కే అడిగారు.

"బండి మీద మొత్తం ఎంత పెట్టావురా?"

చెప్పా. రింగులతో కలిపి ముప్పై వేలు దాటింది.

"అందులో బ్రేకులకెంత?"

నా దగ్గర జవాబు లేదు.

పాత బండి చేయించే మనలో చాలామంది సంగతి ఇదే. పోయేదానికి ఖర్చు పెడతాం, కనిపించేదానికి పెడతాం, వినిపించేదానికి పెడతాం. ఆపేదాన్ని మాత్రం 'డ్రమ్ బ్రేకులు అంతేలే' అని వదిలేస్తాం. ఆ తర్వాత రెండు నెలలు వీకెండ్లలో ఊరెళ్లి నేను తెలుసుకున్నదేంటంటే, డ్రమ్ బ్రేకులు అంతే కాదు. మన బండ్లలో చాలావాటికి ఫ్యాక్టరీ ఇచ్చిన బ్రేకులో సగమే మిగిలి ఉంటుంది. మిగతా సగం ఎక్కడెక్కడ కారిపోతోందో వెతికి పట్టుకోవాలి.

అసలు లోపల ఏం జరుగుతుంది?

ఆర్‌ఎక్స్ 100కి ముందూ వెనకా 130 మిల్లీమీటర్ల డ్రమ్ములు. మీరు లివర్ లాగితే కేబుల్ కింద ఉన్న ఆర్మ్‌ని లాగుతుంది. ఆర్మ్ ఓ క్యామ్‌ని తిప్పుతుంది. ఆ క్యామ్ రెండు బ్రేక్ షూలని విడదీస్తుంది. షూల మీదున్న లైనింగ్ తిరుగుతున్న డ్రమ్ము లోపలి గోడకి రాసుకుంటుంది. బండి వేగం వేడిగా మారుతుంది. అంతే.

ఇందులో ఓ తమాషా ఉంది. తలుపు కింద చెక్క ముక్క పెడతాం కదా, తలుపుని నెట్టేకొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది. రెండు షూలలో ఒకటి సరిగ్గా అలాగే పనిచేస్తుంది. తిరిగే డ్రమ్మే దాన్ని తనలోకి లాక్కుంటుంది. దాన్ని లీడింగ్ షూ అంటారు. రెండోదాన్ని డ్రమ్ము వెనక్కి తోసేస్తుంటుంది. అది ట్రెయిలింగ్ షూ. దాని పని తక్కువ. మన ఆర్‌ఎక్స్‌లో ఒకటే లీడింగ్ షూ. కొన్ని పెద్ద బండ్లలో ముందు చక్రానికి రెండు క్యాములు పెట్టి రెండు షూలనీ లీడింగ్ చేస్తారు. ముందుకెళ్లేటప్పుడు పట్టు బాగుంటుంది. కానీ ఎత్తులో ఆగినప్పుడు బండి వెనక్కి జారితే ఆ రెండూ ట్రెయిలింగ్ అయిపోయి పట్టు తగ్గుతుంది.

డ్రమ్ములంటే చిన్నచూపు అక్కర్లేదు. 1960లలో గ్రాండ్ ప్రి రేసు బండ్లు గంటకి 200 కిలోమీటర్లు దాటిన వేగాల నుంచి డ్రమ్ములతోనే ఆగేవి. గాలి ఆడ్డానికి వాటి ముందు పెద్ద పెద్ద మూతులుండేవి. 1969లో హోండా సీబీ750 ముందు చక్రానికి డిస్కుతో వచ్చాక పెద్ద బండ్ల దారి మారింది. మన దగ్గర ఆ మార్పు ఆలస్యమైంది. యమహా ఆర్‌డీ350కి బయట దేశాల్లో ముందు డిస్క్ ఉంటే, అదే బండి 1983లో ఇక్కడ రాజ్‌దూత్ 350గా వచ్చినప్పుడు డ్రమ్ముతో వచ్చింది. అంత ఇంజిన్‌కి ఆ బ్రేకు చాలదని దాన్ని నడిపినవాళ్లు ఇప్పటికీ అంటారు.

మరి ఘాట్లో నా బండికేమైంది? ఓ లెక్క వేసి చూడండి. బండీ మేమిద్దరం కలిపి సుమారు 230 కిలోలు. 900 మీటర్ల ఎత్తు నుంచి దిగితే వదిలించుకోవాల్సిన శక్తి 20 లక్షల జౌళ్లు. ఆరు లీటర్ల చల్లటి నీళ్లని మరిగించేంత వేడి. కొంత గాలి తీసుకుంటుంది, కొంత ఇంజిన్ తీసుకుంటుంది. మిగతాదంతా పిడికిలంత హబ్‌లోకి పోవాలి. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూల నుంచి దూరం జరుగుతుంది. అందుకే లివర్ గ్రిప్పు దాకా వచ్చేసింది. లైనింగ్ కూడా అతిగా కాలితే పట్టు కోల్పోతుంది. దీన్నే బ్రేక్ ఫేడ్ అంటారు. ఆ కాలిన వాసన లారీది కాదు, నాదే.

ముందు కొలత, తర్వాతే రిపేరు

ఆఫీసులో ఓ పేజీ స్లోగా లోడవుతుంటే మేం ముందు చేసే పని టైమ్ కొలవడం. కొలవకుండా సరిచేస్తే బాగైందో లేదో ఎలా తెలుస్తుంది? బండికీ అదే చేశా.

మా ఊరి బయట ప్లాట్లు అమ్ముడుపోని లేఅవుట్ ఒకటుంది. రోడ్లు బ్రహ్మాండంగా వేశారు, ఇళ్లు మాత్రం లేవు. పొద్దున్నే అక్కడికెళ్లి సుద్దతో రోడ్డు మీద గీత గీశా. పాత స్పీడోమీటర్ని నమ్మకుండా ఫోన్లో జీపీఎస్ వేగం చూసుకున్నా. గంటకి 40 కిలోమీటర్ల మీద ఆ గీత దగ్గర రెండు బ్రేకులూ పట్టడం, ఆగినచోట నుంచి టేపుతో కొలవడం. ఐదుసార్లు చేసి సగటు తీశా. బావ టేపు పట్టుకున్నాడు, కట్టుతోనే.

వచ్చిన సగటు 17 మీటర్లు. గంటకి 40 మీదే అంత. వేగం 60కి పెరిగితే దూరం ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు అవుతుంది. వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి. అంటే 38 మీటర్లు. బ్రేకు మీద చెయ్యి పడకముందు ఒక్క సెకను ఆలోచనలో పోతే ఇంకో 16, 17 మీటర్లు కలుపుకోండి.

మీరు చేసి చూడాలనుకుంటే హెల్మెట్, గ్లవ్స్, పొడి రోడ్డు, మనుషులు లేని చోటు. ముందు 20తో మొదలుపెట్టండి.

నా మొదటి తప్పు

కొలత తీసిన రోజు రాత్రే ఆన్‌లైన్లో 'రేసింగ్' అని రాసున్న బ్రేక్ షూస్ ఆర్డర్ చేశా. తక్కువ ధర, ఎర్ర రంగు, ఐదు స్టార్లు. నేనే బిగించుకున్నా. ఎంతో ఆశగా లేఅవుట్‌కి వెళ్లి కొలిస్తే 18 మీటర్లు. కొత్తవి వేస్తే పాతవాటికంటే అధ్వానం!

నాన్న ఓ మాట చెప్పారు. ఆయన స్కూలుకెళ్లే రోజుల్లో బండి చేసిన మేస్త్రిగారు ఇంకా ఉన్నారని, ఆయన దగ్గరికెళ్లమని. బస్టాండు వెనక చిన్న షెడ్డు. బోర్డు కూడా లేదు. నా బండి చూసి ఆయన ముందు నవ్వారు.

"పెయింట్ బాగా కొట్టించావు బాబూ. మాస్టారి బండేనా ఇది?"

నేను షూస్ సంగతి చెప్పా. ఆయన చక్రం విప్పి డ్రమ్ము లోపలంతా సుద్దముక్కతో రుద్దారు. మళ్లీ పెట్టి, కాస్త బ్రేకు పట్టుకుని చక్రం చేత్తో తిప్పి, విప్పి చూపించారు. నా కొత్త షూ మీద సుద్ద అంటింది మధ్యలో రెండు అంగుళాల మేరే. మిగతాదంతా శుభ్రంగా ఎర్రగానే ఉంది.

ఎందుకంటే డ్రమ్ము ముప్పై ఏళ్లు అరిగి లోపల కొంచెం పెద్దదైంది. కొత్త షూ వంపు కొత్త డ్రమ్ముకి సరిపడేలా ఉంటుంది. పెద్ద గిన్నెలో చిన్న గిన్నె పెట్టినట్టు మధ్యలోనే ఆనుతుంది. ఎంత మంచి లైనింగ్ అయినా ఆననిచోట ఏం పట్టుకుంటుంది?

"షూస్ తర్వాత చూద్దాం. ముందు మిగతా రోగాలు చూడు" అన్నారాయన. నేను ఒకేసారి అన్నీ మార్చేద్దామన్నా. కానీ వెంటనే నాకే అనిపించింది, ఆఫీసులో జూనియర్ ఎవరైనా పది మార్పులు ఒకేసారి పెడితే నేనేమంటాను? అందుకే ఒక్కోటే చేశాం. చేసిన వరుసలోనే చెప్తా.

కేబుల్

నా కేబుల్ బయటికి బాగానే ఉంది. విప్పి చూస్తే లోపలి తీగ చివర రెండు పోగులు తెగున్నాయి. పై తొడుగు మెత్తబడిపోయింది. మీరు లివర్ లాగినప్పుడు ఆ బలం కొంత తొడుగు కుదించుకోవడానికే ఖర్చయిపోతోంది. హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ నొక్కుకునేలా వంకర దారిలో పోతోంది కూడా. కొత్త కేబుల్, పెద్ద పెద్ద ఒంపులతో సాఫీగా వెళ్లే దారి. పోగు తెగిన కేబుల్‌కి ఇంకేం ఆలోచించొద్దు, మార్చేయండి.

ఆర్మ్ కోణం

ఇది ఖర్చు లేని పని, పైగా నాకు బాగా నచ్చిన పని. షూలు డ్రమ్ముకి ఆనేసరికి కేబుల్‌కీ ఆర్మ్‌కీ మధ్య కోణం 90 డిగ్రీలకి దగ్గరగా ఉండాలి. అప్పుడే మీ చేతి బలం మొత్తం క్యామ్ తిప్పడానికి వెళ్తుంది. నా బండిలో అది 120 దాకా పోయింది. ఇంటర్లో చదివిన సైన్ టేబుల్ గుర్తు చేసుకుంటే, 120 డిగ్రీల దగ్గర 13 శాతం బలం వృథా.

ఆర్మ్‌ని క్యామ్ పళ్ల మీద నుంచి తీసి ఒక పన్ను వెనక్కి వేస్తే కోణం సరైపోతుంది. కానీ ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. షూలు అరిగిపోయినందుకే కోణం చెడిపోతే, ఆర్మ్ జరిపి దాన్ని కప్పిపెట్టకూడదు. బాగా అరిగిన షూలతో క్యామ్ అవసరానికి మించి తిరిగి అడ్డంగా ఇరుక్కుంటే చక్రం లాకైపోతుంది. ముందు లైనింగ్ మందం చూసుకుని తర్వాతే ఆర్మ్ జోలికి వెళ్లండి. కొందరు పొడుగు ఆర్మ్ వెల్డింగ్ చేయించుకుంటారు. బలం పెరుగుతుంది కానీ లివర్ ఎక్కువ దూరం లాగాలి. పైగా ఆ వెల్డింగ్ ఊడితే బ్రేకే ఉండదు. నేనైతే చేయించుకోలేదు.

క్యామ్, పిన్ను, దుమ్ము

క్యామ్ ఎండిపోయి తుప్పుతో బిగుసుకుంది. తీసి, శుభ్రం చేసి, వేడికి తట్టుకునే గ్రీజు పలచగా రాశాం. పలచగా అంటే నిజంగా పలచగా. ఎక్కువైతే వేడికి కరిగి లైనింగ్ మీదికి కారుతుంది. గ్రీజు తాగిన లైనింగ్ ఇంక పనికిరాదు.

ఆ పని చేస్తున్నప్పుడు మేస్త్రిగారు అలవాటుగా బ్రేక్ ప్లేట్ దగ్గర నోరు పెట్టి "ఉఫ్" అని ఊదబోయారు. నేను చెయ్యి అడ్డం పెట్టా. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది. లోపలున్న దుమ్ము ఏ కాలంనాటి లైనింగుదో ఎవరికి తెలుసు? ఆయన ఓ నిమిషం నా వైపే చూశారు.

"నలభై ఏళ్ల నుంచి ఊదుతున్నాను బాబూ."

ఏమనాలో తెలీలేదు. మర్నాడు మాస్కుల డబ్బా తీసుకెళ్లి షెడ్డులో పెట్టా. మీరూ గాలి కొట్టే పైపుతో డ్రమ్ము శుభ్రం చేయించకండి. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి.

ఈ మూడు పనులయ్యాక అవే ఎర్ర షూస్‌తో మళ్లీ కొలిచాం. 15 మీటర్లు. డ్రమ్ము లోపల ఇంకా ఏమీ మార్చకుండానే మూడు మీటర్లు తగ్గింది. 

డ్రమ్ము, షూల జత కుదర్చడం

తర్వాత చక్రం తీసుకుని వైజాగ్ ఆటోనగర్లో లేతు పని చేసేవాళ్ల దగ్గరికి వెళ్లాం. చక్రం నెమ్మదిగా తిప్పుతూ బ్రేకు పడితే లివర్ వేళ్ల కింద కొట్టుకుంటున్నట్టు అనిపిస్తుందా? అయితే డ్రమ్ము గుండ్రంగా లేదన్నమాట. నాది అలాగే ఉంది. దాన్ని లోపల సన్నగా చెక్కి గుండ్రం చేస్తారు. రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, స్పోకులు బిగించి, రిమ్ము బెండు తీయించాకే చెక్కించాలి. స్పోకులు లాగే లాగుడుకి హబ్ ఆకారం కొంచెం మారుతుంది కాబట్టి, విడి హబ్‌ని చెక్కి తర్వాత స్పోకులు బిగిస్తే పని మళ్లీ మొదటికే. రెండు, డ్రమ్ముకి గరిష్ఠ వ్యాసం ఇంతని మాన్యువల్లో ఉంటుంది. అది దాటితే చెక్కడం కాదు, హబ్ మార్చాలి.

షూల విషయానికొస్తే, నా పాత ఒరిజినల్ షూలకే కొత్తగా మందం లైనింగ్ అంటించి ఇచ్చారు. తర్వాత వాటిని బ్రేక్ ప్లేట్ మీద బిగించి, కొత్తగా చెక్కిన డ్రమ్ము కొలతకి సరిపోయేలా లేతు మీద తిప్పారు. లైనింగ్ ముందు అంచుని కొంచెం ఏటవాలుగా రుద్దారు, చక్రం ఒక్కసారిగా కరవకుండా. సుద్ద పరీక్ష మళ్లీ చేస్తే ఈసారి షూ మొత్తం తెల్లగా అయ్యింది. అది చూసి నాకు పెయింటింగ్ రోజు కూడా కలగనంత ఆనందం వేసింది, నిజం.

మీ షూలు మందంగానే ఉండి, పైన అద్దంలా మెరుస్తున్నాయా? అది గ్లేజింగ్. గరుకు కాగితంతో తడిగా పైపొర తీసేస్తే పట్టు కొంత తిరిగొస్తుంది. నూనె తాగినవైతే మాత్రం మార్చడమే.

బిగించేటప్పుడు ఓ చిన్న చిట్కా

యాక్సిల్ నట్టు వదులుగా ఉంచి చక్రం తిప్పండి. తిరుగుతుండగానే బ్రేకు గట్టిగా పట్టి, పట్టుకునే ఉండి, అప్పుడు నట్టు బిగించండి. షూలు ప్లేటుని డ్రమ్ము మధ్యలోకి తెచ్చుకుంటాయి. రెండు షూలూ ఒకేసారి ఆనతాయి. రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

కొత్త లైనింగ్ మొదటి రోజే పూర్తిగా పట్టదు. రెండు వారాలు ఊళ్లో తిరుగుతూ మధ్యమధ్యలో ఓ మోస్తరు వేగం నుంచి బ్రేకు వేసి, చల్లారనిచ్చి, మళ్లీ వేస్తూ కుదురుకోనిచ్చా. ముందు టైరు పక్కనున్న నాలుగు అంకెలు చూస్తే, అవి తయారైన వారం, సంవత్సరం, టైరుకి తొమ్మిదేళ్లు! గీతలు బాగానే ఉన్నాయి కానీ రబ్బరు గట్టిపడిపోయింది. బ్రేకు ఎంత పట్టినా రోడ్డుని పట్టుకునేది టైరే కదా. అదీ మార్చా.

మళ్లీ అదే లేఅవుట్, అదే గీత, గంటకి 40. ఐదుసార్ల సగటు పదకొండున్నర మీటర్లు. అయితే చివరి తగ్గుదలలో టైరు వాటా ఎంతో, లేతు పని వాటా ఎంతో చెప్పలేను. రెండూ ఒకేసారి మార్చి నా రూల్ నేనే తప్పా. టైరు కాకుండా ఖర్చు? కేబుల్, లైనింగ్, లేతు కూలీ అన్నీ కలిపి 1,900 రూపాయలు. నా సైలెన్సర్ ధరలో పావు వంతు కూడా కాదు.

డిస్క్ వేయించేస్తే పోలా?

నా ఫ్రెండ్స్ అందరూ అడిగిన ప్రశ్న. డిస్కు మంచిదే, అందులో వాదన లేదు. వేడి త్వరగా వదిలేస్తుంది, తడిసినా త్వరగా ఆరుతుంది. కానీ మన పాత బండికి వేయాలంటే హబ్, ఫోర్క్, మాస్టర్ సిలిండర్ అన్నీ వేరే బండివి తెచ్చి అతికించాలి. ఆ సన్నటి ఫోర్కు దాన్ని ఉద్దేశించి చేసింది కాదు. ఇంకోటి, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. పట్టుబడితే సంగతి సరే, ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ దగ్గర ఈ మాటొస్తే ఏం చెప్తారు?

గాలి కోసమని బ్రేక్ ప్లేటుకి చిల్లులు పెట్టించడం కూడా చూస్తుంటా. చూడ్డానికి రేసు బండిలా ఉంటుంది. కానీ మన వానలకి ఆ చిల్లుల్లోంచి నీళ్లూ బురదా లోపలికి పోతాయి. తడిసిన డ్రమ్ము ఆరేదాకా బ్రేకు ఉండదు. నీళ్లలోంచి వెళ్లొచ్చాక కొంచెం దూరం బ్రేకుని తేలిగ్గా పట్టుకుని నడిపితే ఆ వేడికి ఆరుతుంది. చిల్లులైతే వద్దు.

మళ్లీ అదే ఘాట్

ఇంత చేశాక కూడా అది 130 మిల్లీమీటర్ల డ్రమ్మే. ఆ లెక్కలో ఆరు లీటర్ల నీళ్లు మరిగించే వేడి ఎక్కడికీ పోలేదు. మారాల్సింది నేను కూడా.

మార్చిలో అదే ఘాట్ దిగాను, ఈసారి ఒక్కణ్నే. ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే దిగాను. టూ స్ట్రోక్ ఇంజిన్ పట్టి ఆపేది తక్కువే, అయినా ఉన్నంత వాడుకోవాలి. యాక్సిలరేటర్ మొత్తం మూసేసి మైళ్లకి మైళ్లు దిగితే ఇంజిన్‌కి ఆయిల్ తక్కువ అందుతుంది కాబట్టి మధ్యమధ్యలో కాస్త ఇస్తూ వచ్చా. బ్రేకుని అదేపనిగా రాపాడించకుండా, మలుపుకి ముందే గట్టిగా వేసి పూర్తిగా వదిలేయడం. వదిలినప్పుడే డ్రమ్ము చల్లబడేది. వాసన వచ్చినా, లివర్ దూరం పెరిగినా పక్కకి ఆపడం. రెండుసార్లు ఆగాను. వేడి డ్రమ్ము మీద నీళ్లు మాత్రం పొయ్యలేదు, ఒక్కసారిగా చల్లబడితే వంకరపోతుంది, పగలొచ్చు కూడా.

ఆ మలుపు వచ్చింది. నేను దాదాపు నడక వేగానికి వచ్చేశా. మేకలు లేవు, ఎవరూ లేరు. అయినా ఓ నిమిషం ఆగి వెళ్లా.

ఇంటికొచ్చేసరికి నాన్న గుమ్మంలో ఉన్నారు. తాళం ఇమ్మన్నారు. ఆరేళ్ల తర్వాత ఆ బండెక్కడం. రెండు కిక్కులకి స్టార్ట్ చేసి వీధి చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చి, నేను నిలబడ్డ చోటికి సరిగ్గా ఓ గజం ముందు ఆపారు. ముందు బ్రేకు ఇంకోసారి పట్టి చూసుకున్నారు.

"సౌండు ఎక్కువైందిరా" అన్నారు. "ఆ సైలెన్సర్ తీసేసి పాతది పెట్టించు."

వచ్చే వారం ఆ పనే. ఈలోగా మీ ఇంట్లోనూ తాతదో నాన్నదో ఓ పాత బండి ఉంటే, ఈ ఆదివారం దాని పక్కన ఓ పావుగంట కూర్చోండి. కేబుల్ చివర పోగులు చూడండి. ఎవరినైనా లివర్ పట్టుకోమని, ఆర్మ్ కోణం ఎంతుందో ఫోన్లో ఫొటో తీసి చూడండి. టైరు మీద నాలుగు అంకెలు చదవండి. ఏదైనా తేడాగా అనిపిస్తే స్టార్ట్ చేయకండి, ముందు మేస్త్రి దగ్గరికి నెట్టుకెళ్లండి.